అక్కని ఆపిన రాత్రి

మందుల గోడౌన్‌లో మెట్లు దిగితే నడవా చివర ఒక గది ఉంటుంది. దానికి మంచి పేరు లేదు.

చీకటి పడ్డాక అటు వెళ్లమంటే ఎవరికైనా ఏదో ఒక పని గుర్తొచ్చేది. లారీలకి సరుకెత్తేవాళ్లు మొండి మనుషులు, పెట్టెలు భుజాన వేసుకుని ఎక్కడికైనా పోతారు. వాళ్లు కూడా ఆ నడవాలో ఇద్దరిద్దరుగానే నడిచేవాళ్లు. ఊడ్చే ఆమె పొద్దున్నే ఊడ్చేసి, తలుపు లాగేసి, వెనక్కి చూడకుండా మెట్లెక్కేది.

గది చిన్నది. కిటికీ లేదు. ఒకప్పుడు చల్లగా ఉంచాల్సిన మందులు అందులో ఉండేవి. ఆ చల్లదనం కంప్యూటర్లకి పనికొస్తుందని మందుల్ని పైకి మార్చి, బీరువాలాంటి ఇనప రాక్ ఒకటి దింపారు. రాక్‌లో రెండు సర్వర్లు. వాటి ముందు బల్ల, కుర్చీ. రాత్రీ పగలూ ఫ్యాన్ల హోరు.

ఆ హోరులోంచి కొన్ని రాత్రులు ఒక మనిషి గొంతు వినిపిస్తుంది… అంటారు.

"మాటలు తెలీవు. గొంతు మాత్రం మేస్త్రిదే," అనేవాడు కాపలా తాత. రాత్రిపూట అప్పుడప్పుడూ గేటు వదిలి, కింది నడవా దాకా వెళ్లి తలుపులు చూసి రావడం ఆయన డ్యూటీ.

"నిద్రమత్తులో రేడియో విని ఉంటావు తాతా," అన్నాడు సరుకెత్తేవాళ్లలో ఒకడు, నవ్వించాలని.

"నా రేడియో ఎప్పుడో చచ్చింది. మేస్త్రి కన్నా ముందే పోయింది."

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే గొంతు వినిపించిన రాత్రి ఇంకోటి కూడా జరిగేది. నడుస్తున్న సర్వర్ తనంతట తాను ఆగి, మళ్లీ తనంతట తాను లేచేది. ఆపింది ఎవరని పొద్దున్న చూస్తే స్క్రీన్ మీద ఒకటే పేరు… మేస్త్రిది.

మేస్త్రి పోయి అప్పటికి ఏడాది దాటింది.

పోయినవాడి లాగిన్‌తో పని చేస్తున్నది ఎవరు?

ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువగా భయపెట్టింది తొందర అనే మనిషిని. ఆ గది ఇప్పుడు అతని చేతిలో ఉంది. పగలంతా ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. పొద్దు వాలుతోందంటే చాలు, సంచీ భుజాన తగిలించుకుని మెట్లెక్కేసేవాడు.

దెయ్యమంటే అందరికీ భయమే. కానీ మిగతావాళ్లు దెయ్యం ఏం చేస్తుందోనని భయపడ్డారు. తొందర, దెయ్యం ఏం అడుగుతుందోనని భయపడ్డాడు.

*

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. కంప్యూటర్ల మనిషి. ఆ గదిలో ఉన్నదంతా ఒక్కో ఇటుకా పేర్చినట్టు ఓపిగ్గా కూర్చాడని గోడౌన్ వాళ్లు పెట్టుకున్న పేరు అది.

ఆయన కూర్చిందేమిటో ఒక ముక్క చెప్పాలి. గోడౌన్ పనంతా ప్రోగ్రాముల మీద నడుస్తుంది. ఆసుపత్రి నుంచి ఆర్డరొస్తే తీసుకునేది ఒకటి. ఏ అరలో ఏ మందుందో చెప్పేది ఒకటి. ఏ లారీ ఎటు పోవాలో చూసేది ఇంకొకటి. ఇవేవీ వాటంతట అవి నిలబడలేవు. వాటన్నిటికీ ఒక కప్పు కింద చోటిచ్చి, వచ్చిన ప్రతి మనిషినీ లోపలికి పిలిచి, కావలసినదానికి అప్పజెప్పి, పని కాగానే సాగనంపేది వేరే ఉంటుంది. దాన్నే అప్లికేషన్ సర్వర్ అంటారు. పెద్ద కంపెనీలు అమ్మేవి ఉన్నాయి. అలా కాకుండా, ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు కలిసి రాసి, లోపలి గుట్టంతా తెరిచి పెట్టి, కావలసినవాళ్లు తీసుకోండని వదిలినవీ ఉన్నాయి. మేస్త్రి తెచ్చి పెట్టింది ఆ రెండో రకం.

మేనేజర్ మొదట్లో మొహం చిట్లించాడు. "ఎవరు రాశారో తెలీని సరుకు. రేపు చెడితే ఎవర్ని పట్టుకోవాలయ్యా?"

"నన్ను పట్టుకోండి సార్," అన్నాడు మేస్త్రి.

ఆ మాట అలా నిలబెట్టుకోవలసి వస్తుందని అప్పుడెవరూ అనుకోలేదు.

తొందర ఆయన కింద పని నేర్చుకోవడానికి వచ్చినవాడు. చేతులు మెదడు కంటే ముందు పరిగెత్తేవి. తొందర అని పేరు పెట్టింది మేస్త్రే. పేరు పెట్టాడే గాని చిన్నబుచ్చలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించాడు.

"ఎవరు రాశారో తెలీదంటారు గాని, ఇందులో దాపరికమే లేదురా," అనేవాడు. "ఏ ముక్క ఎవరు మార్చారో పక్కనే పేరుంటుంది, చూడు. ఒకడి వల్ల ఏదైనా చెడితే, నా వల్ల చెడింది, ఇదిగో సరిచేశాను అని వాడే రాసి పేరు పెడతాడు. ఎవరూ వాణ్ని కొట్టరు. పేరు పెట్టకుండా తప్పుకుంటేనే తలెత్తుకోలేడు."

రాక్‌లో ఉన్న రెండు సర్వర్లలో ఒకటి గోడౌన్‌ని నడిపేది. రెండోది, కొత్తవి ఏవైనా ముందు పెట్టి చూసుకోవడానికి. మేస్త్రి వాటికి అక్క, చెల్లి అని పేర్లు పెట్టాడు. కాగితం మీద తన చేత్తో రాసి, రాక్ వెనకవైపు, దేనిది దానికి అతికించాడు.

"అక్కకి పొద్దున్నుంచీ ఒళ్లు వెచ్చగా ఉంది సార్," అని ఆయన మేనేజర్‌కి చెబుతుంటే విన్న కొత్త డ్రైవరొకడు, పాపం, ఆసుపత్రికి తీసుకెళ్లాలా అని అడిగాడట. చాలా రోజులు నవ్వుకున్నారు.

నవ్వులెన్ని ఉన్నా ఆ గదిలో ఒక కట్టడి ఉండేది. సర్వర్‌ని ఆపేముందు, దాని మీదున్నది ఏదైనా తీసేముందు, కీబోర్డు మీంచి చేతులు తీసెయ్యాలి. లేచి రాక్ వెనక్కి వెళ్లాలి. చీటీ మీద వేలు పెట్టి, పేరు పైకి చదవాలి. అప్పుడొచ్చి నొక్కాలి. మేస్త్రి తాను ఒక్కడే ఉన్నా అలాగే చేసేవాడు. తొందర చేతులు కీబోర్డు వైపు కదిలితే చాలు, అటు తిరక్కుండానే అడిగేవాడు.

"పేరు చదివావా నాయనా?"

*

ఒక రోజు మధ్యాహ్నం చెల్లి మీదున్న పాత ప్రోగ్రాములన్నీ తీసేసి, కొత్తవి పెట్టి చూడాలి. తొందర ముందు స్క్రీన్ మీద రెండు నల్ల విండోలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి అక్కది, ఒకటి చెల్లిది. కవలపిల్లల్లా ఉంటాయి రెండూ.

రెండూ తెరిచింది మేస్త్రి లాగిన్‌తోనే. తొందరకి సొంత లాగిన్ ఇవ్వడానికి పై ఆఫీసు తాత్సారం చేస్తుంటే, పని ఆగకూడదని మేస్త్రి తనది వాడుకోమన్నాడు. అది మేస్త్రి చేసిన తప్పు. మంచితనంతో చేసినా తప్పు తప్పే.

మేస్త్రి అప్పుడు రాక్ వెనక మోకాళ్ల మీద కూర్చుని కేబుల్ మారుస్తున్నాడు. చీటీ ముట్టుకోవాలంటే ఆయన్ని లేపాలి. ఎన్నిసార్లు చదివాం, ఈ ఒక్కసారికి ఏమైంది అనుకున్నాడు తొందర.

నొక్కాడు.

పైన ఒక ఫోన్ మోగింది. ఆ వెంటనే ఇంకొకటి. తర్వాత అన్నీ.

నొక్కింది అక్క విండోలో. అక్క మీద ఏమీ మిగల్లేదు. ఏ ఆసుపత్రి ఏం అడిగిందో, ఏ మందు ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు. సగం నిండిన లారీలు వరసగా నిలబడిపోయాయి. డ్రైవర్లు కిందికి దిగి గేటు దగ్గర కోపంతో ఊగిపోతున్నారు. అన్నీ మళ్లీ ఎక్కించి నిలబెట్టేసరికి చీకటి పడింది. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. కాలేదంటే అది అదృష్టం.

ఈలోపే మేనేజర్ గదిలోకి దిగివచ్చాడు. ఆయన ఆ గదికి రావడం అదే మొదలు.

"ఎవరు చేశారిది?"

ఫ్యాన్ల హోరు.

మేనేజర్ వంగి స్క్రీన్ చూశాడు. "ఇది నీ లాగిన్ కదయ్యా?"

మేస్త్రి తొందర మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. పిల్లాడికి సమాధానం తెలుసని తెలిసిన పంతులు, చెప్పు మరి అన్నట్టు ఆగుతాడే… అలా ఆగాడు.

తొందర చెప్పుల వైపు చూసుకున్నాడు.

"నా లాగిన్‌తోనే జరిగింది," అన్నాడు మేస్త్రి. "నన్నే పట్టుకోండి సార్."

పట్టుకున్నారు. గది లోంచి తీసేసి, గడువు దాటిన మందుల పెట్టెలు విడిగా సర్దే పనిలో వేశారు. వెళ్లేముందు ఒక్క మధ్యాహ్నం ఆ గదిలో ఒంటరిగా కూర్చోనివ్వమని అడిగాడు మేస్త్రి. కూర్చున్నాడు. సాయంత్రం బయటికొచ్చి తొందరకి తాళంచెవి ఇచ్చాడు. "చల్లగా ఉంటుంది లోపల. స్వెట్టర్ తెచ్చుకో," అన్నాడు. అంతే అన్నాడు.

తొందర చెబుదామనే అనుకున్నాడు. మొదట, గొడవ సద్దుమణిగాక చెబుదామనుకున్నాడు. తర్వాత, ఉద్యోగం పక్కా అయ్యాక అనుకున్నాడు. ఆ తర్వాత, మేస్త్రి కోపం చల్లారాక అనుకున్నాడు… ఆయనకి కోపమే లేదని తెలిసి కూడా. చివరికి పెట్టెల మధ్యనే గుండె పట్టుకుని, మేస్త్రే చల్లారిపోయాడు. చివరి చూపుకి వెళ్లిన తొందర వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, లోపల్నుంచి ఏడుపు వినిపించి, తిరిగొచ్చేశాడు.

నోరు మూసుకోదలచినవాడికి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి. దొరకనిది నిద్రే.

*

మేస్త్రికి ఒక్కతే కూతురు. ప్రోగ్రాములు రాయడం తండ్రి దగ్గరే నేర్చుకుంది. ఆయన పోయాక ఆ గోడౌన్‌లోనే, పైన ఆర్డర్ల విభాగంలో చేరింది. తొందరని నోరారా అన్నా అనేది. అలా పిలిచినప్పుడల్లా తొందర చూపు పక్కకి తిప్పుకునేవాడు.

ఆ అమ్మాయి కింది గదికి మార్చమని అడిగింది. మేనేజర్ తొందరని పిలిచాడు.

"తెలివైనదే. కానీ వాళ్ల నాన్న చేసింది గుర్తుందిగా? ఒకసారి చాలదా ఆ ఇంటివాళ్లతో? గది నీది. నువ్వు సరేనంటే తీసుకుందాం, వద్దంటే లేదు."

"ఆలోచించి చెప్తాను సార్."

ఏముంది ఆలోచించడానికి? ఆమె ఆ కుర్చీలో కూర్చుంటే ఊరుకోదు. అన్నీ తెరుస్తుంది, అన్నీ అడుగుతుంది. తండ్రి లాగిన్ ఇంకా ఎందుకు తెరిచి ఉందో ముందు అడుగుతుంది. దాన్ని మూసెయ్యడం తొందర పనే. మూసేముందు అందులో ఏమేం జరిగిందో చూడాలి. చూస్తే ఆ మధ్యాహ్నం కూడా కనబడుతుంది. అందుకే మూయలేదు. రాత్రుళ్లు సర్వర్ ఎందుకు ఆగి లేస్తోందో వెతకనూ లేదు. జనం దెయ్యమంటున్నారు, అననీ అని ఊరుకున్నాడు. చచ్చినవాడి మీద నింద అలాగే ఉంచింది చాలక, ఆయన్ని దెయ్యాన్ని కూడా చేశాడు.

మర్నాడు పొద్దున్న మేనేజర్‌కి జవాబు చెప్పాలి. వద్దు సార్ అనే మాట నోట్లోనే సిద్ధంగా పెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే కబురొచ్చింది. ఆ అప్లికేషన్ సర్వర్‌ని రాసేవాళ్లు, దాన్ని వాడే అందరికీ పంపిన కబురు అది. లోపల ఒక కన్నం కనబడింది, బయటివాళ్లు దూరగలరు, ఆలస్యం చెయ్యకుండా కొత్తది పెట్టుకోండి. కింద ఎవరో రాశారు: "ఈ లోపం నేను రాసిన దాంట్లోంచి వచ్చింది. మన్నించండి. సరిచేశాను." దాని కింద పేరు.

తొందర ఆ చివరి వాక్యం చదవకుండా స్క్రీన్ పైకి జరిపేశాడు.

కొత్తది పెట్టాలంటే అక్కని చేత్తో ఆపాలి. మేస్త్రి వెళ్లాక ఆ పని అతను ఒక్కసారి కూడా చెయ్యలేదు. రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాడు. ఇక కుదరదు. చివరి లారీ వెళ్లాక ఆపి, పొద్దున మొదటి ఆర్డర్ వచ్చేలోగా లేపాలి.

"నేను తోడు రానా?" అన్నాడు కాపలా తాత, రావాలని లేకపోయినా.

"వద్దు తాతా. చిన్న పనే."

*

తలుపు వెనక్కి మూసుకుంది. లోపల చలి.

ఒక్క దీపం, బల్ల మీద. రాక్ వెనక అంతా చీకటి. చిన్న చిన్న పచ్చ దీపాలు మినుకుమంటున్నాయి… ఎవరో రెప్పలు వేస్తున్నట్టు.

తొందర స్వెట్టర్ తెచ్చుకోలేదు.

కూర్చున్నాడు. ఆపే ఆజ్ఞ టైపు చేశాడు. చీటీ సంగతి గుర్తుకొచ్చింది. రాక్ వెనక చీకటి చూశాడు. లేవలేదు. ఎన్నిసార్లు చదివాం… ఈ ఒక్కసారికి…

నొక్కాడు.

ఫ్యాన్ల హోరు మధ్యలోంచి, రాక్ వెనకనుంచి—

"పేరు చదివావా నాయనా?"

తొందర చేతులు కీబోర్డు మీద అలాగే బిగుసుకుపోయాయి.

అదే గొంతు. కాస్త జలుబు చేసినట్టుండే అదే జీర. నాయనా దగ్గర అదే సాగదీత.

స్క్రీన్ మీద ఒక గీత వెలిగి ఆరుతోంది. పేరు, అని ఉంది. పక్కన ఖాళీ. అక్క ఆగలేదు. పేరు చెబితే తప్ప ఆగేట్టు లేదు.

లేచాడు. గోడ పట్టుకుని రాక్ వెనక్కి వెళ్లాడు. ఆ రోజు మేస్త్రి మోకాళ్ల మీద కూర్చున్న చోటు… అక్కడ కాలు పెట్టకుండా దాటాడు. వేలితో తడిమితే కాగితం తగిలింది. అంచులు లేచిపోయాయి. మేస్త్రి చేతిరాత, గుండ్రంగా.

"అ… అక్క," అని చదివాడు.

వచ్చి టైపు చేశాడు.

అక్క ఆగడం మొదలుపెట్టింది. ఒక్క దెబ్బకి ఆగదు. మేస్త్రి అలా పెట్టాడు. లోపల పని చేసుకుంటున్నవాళ్లు ముగించుకుని బయటికి రావాలి, కొత్తవాళ్లని రానివ్వకూడదు, అందరూ వెళ్లాకే తలుపు మూయాలి. ఎవర్నీ సగంలో గెంటకూడదురా, అనేవాడు. లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో స్క్రీన్ మీద అంకె తగ్గుతూ వస్తోంది. రాత్రి ఆర్డర్లు పెట్టే ఆసుపత్రులు ఒక్కొక్కటే బయటికి వెళ్లాయి.

ఒకటి దగ్గర అంకె ఆగింది.

ఇంకా ఒకరు లోపల ఉన్నారు.

ఎవరు? ఈ వేళప్పుడు?

లోపలున్నవాళ్ల పట్టీ తెరిచి చూశాడు. ఒకే పేరు ఉంది.

మేస్త్రి.

తొందర కుర్చీ వెనక్కి జరిగింది. తలుపు దగ్గరే ఉంది. లేచి పారిపోతే? అక్క సగం మూసిన తలుపుతో అలాగే ఉండిపోతుంది. పొద్దున్న ఆర్డర్లు రావు. లారీలు మళ్లీ నిలబడతాయి. మళ్లీ ఎవరు చేశారని మేనేజర్ దిగివస్తాడు. ఈసారి నెట్టెయ్యడానికి మేస్త్రి కూడా లేడు.

కూర్చున్నాడు. అంకె కదల్లేదు. చలి ఎముకల్లోకి దిగుతోంది.

అప్పుడు, ఇంకా మెల్లగా… ఈసారి రాక్ వెనకనుంచి కాదు. ఎక్కడినుంచో చెప్పలేడు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి అటు తిరక్కుండా అడిగినంత దగ్గరగా—

"ఆ రోజు నొక్కిందెవరు?"

పక్కన కుర్చీ లేదు.

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కన్నీళ్లు వాటంతట అవే కారాయి. ఇంతకాలం నోట్లో నానిన మాట, ఒక్క ఊపున బయటికొచ్చింది.

"నేనే మేస్త్రీ. నేనే. చీటీ చదవకుండా నొక్కింది నేనే."

కళ్లు తెరిచేసరికి స్క్రీన్ మీద అంకె సున్నా.

అక్క ఆగింది.

తలుపు దబదబ మోగింది. "బాబూ! ఎవరితో మాట్లాడుతున్నావ్? ఎవరున్నారు లోపల?" కాపలా తాత కేక.

తొందర మొహం తుడుచుకున్నాడు.

"ఎవరూ లేరు తాతా. నాలో నేనే," అన్నాడు.

చచ్చినవాడికి చెప్పినంత సులువుగా బతికున్నవాడికి చెప్పలేకపోయాడు.

*

తెల్లవారేసరికి కొత్తది పెట్టడమయింది. అక్క లేచింది. ఆర్డర్లు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడటానికి మేస్త్రి కూతురు అందరికంటే ముందొచ్చి, మెట్లు దిగింది.

"రాత్రంతా బయటికే రాలేదట, తాత చెప్పాడు." అతని మొహం చూసి ఆగింది. "ఏమైందన్నా?"

తొందర దాచలేకపోయాడు. సగం చెప్పాడు. "అక్క లోపల మీ నాన్న పేరు కనబడింది. గొంతు కూడా… విన్నాను."

ఆమె భయపడలేదు. "ఏమన్నాడు?"

"పేరు చదివావా నాయనా, అని."

"నువ్వు ఆపమన్నాక వినబడిందా, ఆపమనకముందా?"

"అన్నాక."

"అయితే దెయ్యం కాదు. జరుగు, చూద్దాం."

కుర్చీలో కూర్చుని, అక్కని ఆపేటప్పుడు ఏమేం జరగాలో తండ్రి రాసిపెట్టిన దాన్ని తెరిచింది. పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి ఒకచోట వేలు పెట్టింది. లేచి రాక్ వెనక్కి వెళ్లి, కేబుళ్ల మధ్య చెయ్యి పెట్టి, సబ్బుబిళ్లంత స్పీకర్ పైకెత్తి చూపించింది. వైరు అక్క వెనక గుచ్చి ఉంది.

"నాన్న తన గొంతు తనే రికార్డు చేసి పెట్టాడు. అక్క ఆగే ముందు ప్రతిసారీ పలుకుతుంది. మనిషి ఆపబోతే, పేరు టైపు చేసేదాకా ఆగదు. లోపల పని బరువెక్కువైతే రాత్రిపూట నాన్న లాగిన్‌తోనే తనంతట తాను ఆగి లేచేట్టు పెట్టాడు, అప్పుడు పలికి ఊరుకుంటుంది. తాత విన్నది అదే. లోపలున్నవాళ్ల బాగోగులు చూసి రావడానికి నాన్న లాగిన్‌తో ఒక చిన్న ప్రోగ్రాం కూడా తిరుగుతూ ఉంటుంది. చూసి బయటికి వచ్చేస్తుంది. నీకు కనబడింది అదే." తేదీ చూసింది. "గది ఖాళీ చేసిన మధ్యాహ్నం పెట్టాడన్నా ఇదంతా."

తర్వాత ఆ గొంతు మోగించింది.

"పేరు చదివావా నాయనా?"

రెండోసారి మోగించింది. మూడోసారి. చేత్తో నోరు మూసుకుంది. "నాన్న గొంతు విని ఎన్నాళ్లయిందో," అంది. కొంచెం తేరుకుని, "ఆ తప్పు గురించి ఇంట్లో ఒక్క మాట కూడా అనేవాడు కాదు. పాపం, తన లాగే ఇంకొకరు చెయ్యకూడదని పెట్టినట్టున్నాడు," అంది.

తన లాగే.

తొందర గుండె మీంచి బండ దిగినట్టయింది ముందు. దెయ్యం లేదు. స్పీకర్, ఒక చిన్న ప్రోగ్రాం, అంతే. అడిగేవాళ్లెవరూ లేరు. రాత్రి అన్న మాట విన్నవాళ్లెవరూ లేరు. భయం పోగానే పాత మనిషి మెల్లగా లేచి కూర్చున్నాడు.

బల్ల మీద ఫోన్ మోగింది. మేనేజర్. "లేచిందా?"

"లేచింది సార్."

"మరి ఆ అమ్మాయి సంగతి? వద్దనమంటావా?"

ఆమె పక్కనే ఉంది. స్పీకర్‌ని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"పైకొచ్చి చెప్తాను సార్." పెట్టేశాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, నవ్వు తెచ్చుకుని అన్నాడు: "భలే భయపెట్టాడు మీ నాన్న. సరే, ఆ రెండోది కూడా మోగించు, విందాం."

"రెండోదేంటి?"

"పేరు టైపు చేశాక ఇంకోటి అడుగుతాడే. అది."

ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. గొంతు ఉన్న ఆ ఒక్క రికార్డునీ చివరిదాకా పోనిచ్చింది. పేరు చదివావా నాయనా. తర్వాత కాస్త ఫ్యాన్ల హోరు. కుర్చీ జరిగిన చప్పుడు. అయిపోయింది.

"ఒకటే ఉందన్నా. ఇంకేం లేదు."

"సరిగ్గా చూడు."

"చూశాను. ఒకటే."

గదిలో చలి మళ్లీ మొదలైనట్టయింది.

"ఏమని అడిగాడన్నా, ఆ రెండోది?" గొంతు తగ్గించి అడిగింది.

తొందర రాక్ వెనక్కి వెళ్లాడు. అంచులు లేచిన చీటీని వేలితో నొక్కి అతికించాడు. అది మళ్లీ లేచింది.

"ఆ రోజు నొక్కిందెవరు, అని అడిగాడమ్మా."

ఆమె మొహంలో ముందు ఏమీ కదల్లేదు. తర్వాత మెల్లగా తల తిప్పి అతని వైపు చూసింది. కోపంగా కాదు. కోపం ఇంకా రావలసే ఉంది. సమాధానం తెలిసినవాడు చెప్పేదాకా ఆగినట్టు… అలా ఆగింది.

ఆ చూపు తొందరకి తెలుసు. ఈసారి చెప్పుల వైపు చూసుకోలేదు.

"నేనే," అన్నాడు. "పద, పైకి పోదాం. మేనేజర్ గారి ముందు కూడా చెప్పాలి."

ఆమె లేవలేదు. స్పీకర్ బల్ల మీద పెట్టింది.

"ముందు నాకు ఇంకోసారి చెప్పు," అంది. "నీ పేరుతో సహా చెప్పు."